చీటీ వెనకవైపు

ఆ వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవాళ్ళు. ఆయన డాక్టరు కాదు. డాక్టరు దగ్గరికి మనుషులు వెళ్ళి నోరు తెరుస్తారు. పళ్ళాయన దగ్గరికి నోరు ఒక్కటే వస్తుంది, అట్టపెట్టెలో, తడిగుడ్డ చుట్టుకుని. పళ్ళన్నీ పోయినవాళ్ళ నోట్లో డాక్టరమ్మ మెత్తటి ముద్ద పెట్టి నొక్కి తీస్తే దాని మీద చిగుళ్ళ అచ్చు పడుతుంది. ఆ అచ్చులో ఈయన ప్లాస్టర్ పోసి ఒక బోసినోరు తయారు చేసుకుంటాడు. దాని మీద మైనం గట్టు కట్టి, ఆ మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి వరస తీరుస్తాడు. అది డాక్టరమ్మ దగ్గరికి వెళ్తుంది. ఆవిడ మనిషి నోట్లో పెట్టి చూసి బాగుందంటే తిరిగొస్తుంది. అప్పుడు మైనం కరిగించి, ఆ చోట గులాబిరంగు ముద్ద కూరి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎన్ని నోళ్ళు కట్టాడో లెక్క లేదు గానీ ఒక్క మొహం కూడా చూడలేదు.

చూడాల్సిన అవసరం లేకుండా చేసింది ఆయన భార్య.

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఫోను మోగితే చేతులకి ప్లాస్టర్ అంటిందని వంక పెట్టి కుళాయి దగ్గరికి నడిచేవాడు. ఆవిడ అలా కాదు. పలకరిస్తే గోడలు కూడా తిరిగి పలకాలన్నట్టు మాట్లాడేది. పెట్టెలో అచ్చుతో పాటు డాక్టరమ్మ పంపే చీటీ ఒకటి ఉండేది. "పై సెట్టు, కింది సెట్టు. రంగు ఏ-మూడు. గురువారానికి కావాలి." అంతే ఉండేది అందులో. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, చీటీ తిరగేసి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఫోను కలిపేది.

"ఒక్క మాటమ్మా. ఒక్కటే."

ఒక్కటి అని నాలుగు అడిగేది. ఈయన వయసెంత? ఏం పని చేసేవారు? నవ్వితే పళ్ళు ఎంతవరకు కనిపించేవి? పాత ఫోటో ఏమైనా ఉందా?

మొదట్లో డాక్టరమ్మ విసుక్కునేది. "పళ్ళ సెట్టుకండీ ఈ వివరాలన్నీ, సంబంధం చూడ్డానికా?"

"రెండూ ఒకటేగా అమ్మా. నచ్చకపోతే పగలంతా మొహం ముడుచుకుని తిరగాల్సిందే."

అవతల డాక్టరమ్మ నవ్వేసేది. ఇవతల ఈవిడ చీటీ వెనక పెన్సిల్‌తో గిలికేది. బడికి సరిగా వెళ్ళలేదు కాబట్టి ఒత్తులు ఎక్కడపడితే అక్కడ పడేవి. "లెక్కల మాష్టారు. నవ్వరు. నవ్వినా ఒక పక్కకే." "నలుగురు మనవలు. నోరంతా తెరిచి నవ్వుతారు, చిగురు అందంగా తియ్యండి." "కోపిష్టి. వెడల్పు పళ్ళు పెట్టొద్దు, కరిచేటట్టు ఉంటారు." ఆయన బల్లకి ఎదురుగా ఒక స్టూలు ఉండేది. అక్కడ కూర్చుని ఆవిడ చదివి వినిపిస్తూ ఉంటే, ఆయన ఆ మాటల్ని బట్టి పళ్ళు తీర్చేవాడు. ఒకరికి చివర్లు అరగదీసేవాడు, ఒకరికి కోరపన్ను కాస్త ముందుకు తెచ్చేవాడు. పనైపోయాక ఆవిడ ప్రతి సెట్టునీ ఫోనులో ఫోటో తీసేది. దారిలో విరిగితే మన మీద పెట్టకుండా ఉంటారని. పెట్టెలో చిన్న కాగితం ఒకటి వేసేది: "జాగ్రత్తగా వాడుకోండి. పడుకునేటప్పుడు నీళ్ళలో వెయ్యండి."

ఆవిడ పోయి ఏడాది దాటింది. జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. మూడో రోజుకి లేదు.

ఆ తరవాత కూడా ఆయన పని ఆపలేదు. ఆపితే ఏం చెయ్యాలో తెలియక ఆపలేదు. కానీ ఫోను మోగితే తియ్యలేదు. మోగి మోగి ఊరుకునేది. అప్పట్లో నాలుగు క్లినిక్కుల పని ఉండేది. అడిగితే జవాబు చెప్పే దిక్కు లేదని మూడు క్లినిక్కులు మెల్లిగా వేరే చోటికి వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ పంపే మనిషి సోమవారం, గురువారం వచ్చి గుమ్మానికి పెట్టె తగిలించి, తయారైన పెట్టె తీసుకుని, బెల్లు కొట్టి వెళ్ళిపోయేవాడు. వారానికి రెండు బెల్లులు. ఆ ఇంట్లో ఇంకో మనిషి చప్పుడంటే అదే.

ఆ బెల్లు కూడా ఆగిపోయేలా ఉందని ఆయనకి తెలిసింది ఒక కండక్టరు నోటి వల్ల.

రిటైరైన బస్సు కండక్టరు అని మాత్రం చీటీ మీద ఉంది, పేరు పక్కన. పై సెట్టు, కింది సెట్టు. ఎప్పటిలాగే వరస తీర్చి పంపాడు. తిరిగొచ్చింది. చీటీ మీద "పేషెంటుకి నచ్చలేదు. మళ్ళీ చెయ్యండి" అని ఉంది. ఏం నచ్చలేదో లేదు. రంగేమో అనుకుని ఒక మెట్టు పసుపు పెంచి పంపాడు. తిరిగొచ్చింది. "ఇంకా అలాగే ఉంది." అలాగే అంటే ఎలాగో లేదు. పొడవేమో అనుకుని పొట్టి పళ్ళు తెచ్చి మళ్ళీ గుచ్చాడు. మూడోసారీ తిరిగొచ్చింది. ఈసారి చీటీ మీద అక్షరాలు కాగితంలోకి దిగబడి ఉన్నాయి.

"ఇది ఎవరి నోరో, నాది కాదు అంటున్నారు. గురువారం మళ్ళీ వస్తారు. ఈసారి కూడా ఇలాగే వస్తే ఇకనుంచి పని పెద్ద ల్యాబుకి పంపుకుంటాను. ఏమీ అనుకోవద్దు."

ఆయన చీటీ తిరగేశాడు. వెనకవైపు తెల్లగా ఉంది.

ఆ మంగళవారం మరదలు వచ్చింది. భార్యకి చెల్లెలు. నెలకోసారి గిన్నెలు పట్టుకుని వచ్చి, పాత గిన్నెలు పట్టుకుపోతుంది. మధ్యలో దులిపెయ్యడం ఆవిడ పద్ధతి. ముందు ఇల్లు దులుపుతుంది, తరవాత ఆయన్ని.

"బావా, ఈ గిన్నె పోయినసారి తెచ్చిందేగా? మూతైనా తియ్యలేదా? నా వంట మీద అంత నమ్మకమా?"

"ఆకలెయ్యలేదు."

"నెలరోజులుగానా! పళ్ళు చేసేవాడివి, నమలడం మర్చిపోయావంటే నవ్వుతారు." ఆవిడ కిటికీ తెరిచింది. వెలుగు పడేసరికి బల్ల మీద మైనం తరుగు, ప్లాస్టర్ దుమ్ము, స్పిరిటు దీపం, సగం తాగి వదిలేసిన గ్లాసు, అన్నీ బయటపడ్డాయి. గ్లాసులు రెండున్నాయి. రెండోది బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము. ఆవిడ దాన్ని చూసి, చూడనట్టు చీపురు తీసింది.

ఊడుస్తూ ఊడుస్తూ బల్ల దగ్గర ఆగింది. ఇత్తడి చట్రంలో కండక్టరు సెట్టు ఉంది, దవడల్లా కాస్త తెరుచుకుని. ఆవిడ వంగి చూసింది. చీపురు గోడకి ఆనించి, స్టూలు మీద కూర్చుంది.

"ఇదెవరిది?"

"ఎవరో కండక్టరుదట. మూడుసార్లు తిప్పికొట్టాడు. ఏం కావాలో చెప్పి చావడు."

"కండక్టరా?" ఆవిడకి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "బావా, ఇది అక్క నవ్వు."

"నీకేం పని లేదా?"

"ఇటు చూడు. ముందు పళ్ళు రెండింట్లో ఎడమది కుడిదాని మీదికి ఎక్కలేదూ? ఆ పన్నుని వెక్కిరిస్తూనే పెరిగాను నేను. ఒకటి ఇంకోదాని భుజమెక్కి కూర్చుందని ఏడిపించేదాన్ని. నాకు తెలీదా?"

"పళ్ళన్నీ నిలువుగా పెడితే పట్టాలు వేసినట్టుంటాయి. కాస్త అటూ ఇటూ పెడతాం. అందరూ చేసేదే."

"అటూ ఇటూ పెట్టు. ఎవరొద్దన్నారు? ఇదొక్కటే ఎందుకు పెట్టావు?"

ఆయన చట్రం చేతిలోకి తీసుకున్నాడు. తను చేసిన పనే. మూడుసార్లు చేశాడు. రంగు మార్చాడు, పొడవు మార్చాడు. ఎడమ ముందుపన్ను మాత్రం మూడుసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే ఎక్కి కూర్చుంది. పెట్టినట్టు గుర్తే లేదు. వరసలో మొదట గుచ్చేవి ఆ రెండు పళ్ళే. మైనం వెచ్చగా ఉండగా బొటనవేలు దానంతటది నొక్కేది.

మరదలు ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఫోటోలు తీస్తూనే ఉన్నావుగా, అక్క చెప్పినట్టు. చూడు."

చూశాడు. ఆవిడ ఉన్నప్పటి ఫోటోల్లో ఏ రెండూ ఒకలా లేవు. మాష్టారివి మాష్టారిలా, మనవలున్నావిడవి మనవలున్నావిడలా ఉన్నాయి. ఆ తరవాతి నెల నుంచి ఒకటి, రెండు, మూడు... పధ్నాలుగు. చిన్నవి, పెద్దవి, తెల్లనివి, పచ్చనివి. అన్నింట్లోనూ ఆ పన్ను. ఊళ్ళో పధ్నాలుగు మంది ఆవిడ నవ్వు పెట్టుకుని తిరుగుతున్నారు.

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి, "ఫోను చెయ్యి బావా" అంది. "ఆ కండక్టరుకి ఏం కావాలో అడుగు. గురువారమంటే ఎల్లుండేగా? ఉన్న ఆ ఒక్క డాక్టరూ పోతే ఈ ఇంటి తలుపు తట్టేదాన్ని నేనొక్కదాన్నే మిగులుతా. నా మొహం ఒక్కటే చూస్తూ బతకడం నీవల్ల కాదు."

ఆయన ఫోను చేశాడు. కౌంటర్ దగ్గరుండే అమ్మాయి తీసింది.

"డాక్టరమ్మ పేషెంటుతో ఉన్నారండీ. ఎవరు మాట్లాడేది?"

"పళ్ళు... అదే... చేసే..."

"ఏ ల్యాబండీ?"

తన ల్యాబుకి పేరు లేదని ఆయనకి అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడ గొంతే దాని పేరు. ఫోను పెట్టేశాడు.

"పెట్టేశావా!" మరదలు నెత్తి కొట్టుకుంది. "ఇటివ్వు, నేను మాట్లాడతా."

"వద్దు." ఆయన చట్రంలోంచి మైనం సెట్టు తీసి తడిగుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "నేనే వెళ్తా."

మరదలు ఆయన చొక్కా వంక చూసింది. "ఆ చొక్కాతో మాత్రం వెళ్ళకు" అని ఇస్త్రీ పెట్టె వెతకడానికి లోపలికి వెళ్ళింది.

గురువారం పొద్దున బస్సెక్కాడు. ఒళ్ళో పెట్టె, పెట్టెలో పళ్ళు, స్పిరిటు దీపం, మైనం కత్తి. ఎదురు సీట్లో ఒకావిడ ఆవలించింది. ఆయన చూపు తిప్పుకోలేకపోయాడు. ముప్పై ఏళ్ళు నోళ్ళతో బతికాడు గానీ, నోరు మొహంలో ఉంటుందని ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. పెదవి కదిలితే బుగ్గ కదులుతోంది, బుగ్గతో పాటు కన్నూ. ప్లాస్టర్‌లో అవేవీ ఉండవు.

క్లినిక్కు రెండు గదులు. బయట గోడ పక్కన కుర్చీలు, లోపల పెద్ద కుర్చీ, దాని మీద దీపం. కౌంటర్ అమ్మాయికి పెట్టె చూపించాడు. ఆ పిల్ల పెట్టెని గుర్తుపట్టి లోపలికి పరిగెత్తింది. డాక్టరమ్మే బయటికి వచ్చింది. ఆయన అనుకున్నంత పెద్దది కాదు. నుదుటి మీద కళ్ళద్దాలు, వాటి మీద ఇంకో కళ్ళద్దాలు.

"మీరా మేస్త్రి గారు! రండి రండి. ఇన్నేళ్ళకి చూశాను." తరవాత ఆవిడ గొంతు తగ్గించింది. "అమ్మగారు రాలేదా? నా మీద ఇంకా కోపంగానే ఉన్నారా?"

ఆయనకి అర్థం కాలేదు.

"ఆఖరిసారి ఫోను చేసినప్పుడు నేనే నోరు జారాను. బయట పదిమంది కూర్చున్నారు, ఆవిడేమో ఒక్క మాటమ్మా అంటూ మొదలుపెట్టారు. చీటీలో ఉన్నది చెయ్యమనండి చాలు, అని పెట్టేశాను. అంతే, ఇక ఫోను లేదు. ఎన్నిసార్లు చేసినా తియ్యలేదు. సరే, కోపమొచ్చింది, పోనీలే అని నేనూ ఊరుకున్నాను. తప్పు నాదే. ఆవిడకి చెప్పండి."

పళ్ళాయన పెట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆవిడ లేదమ్మా. పోయి ఏడాది దాటింది."

డాక్టరమ్మ నుదుటి మీది కళ్ళద్దాలు తీసింది, రెండూ. ఏడాది పైగా ఈవిడ ఇక్కడ, పోయిన మనిషి అలకని మోస్తూ కూర్చుంది, ఆయన అక్కడ ఖాళీ చీటీలు తిరగేస్తూ కూర్చున్నాడు. మధ్యలో వారానికి రెండుసార్లు పెట్టె మాత్రం అటూ ఇటూ తిరిగింది.

"చెప్పొచ్చు కదండీ ఒక్క మాట" అంది చివరికి.

"చెప్పేది ఆవిడే కదమ్మా."

లోపల కుర్చీలోంచి గట్టి కేక వినిపించింది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి! గుమ్మంలో నిలబడితే ఎలా?"

అది కండక్టరు. ఎండిన ఒళ్ళు, బోసినోరు, చెవులు మాత్రం దిట్టంగా ఉన్నాయి. పళ్ళు లేకపోయినా మాట స్పష్టంగా ఉంది, ముప్పై మూడేళ్ళు అరిచిన గొంతు కదా. డాక్టరమ్మ పరిచయం చేసింది.

"ఓహో, ఈయనేనా!" కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నాయనా, నీ పనికి వంక పెట్టను. పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. కానీ అద్దంలో చూసుకుంటే ఎవరో మంచి ఇల్లాలు నవ్వినట్టుంది. నేనంత మంచివాణ్ణి కాదు. నాతో ఇక్కడికి వచ్చిన మా మనవరాలైతే, తాతా నువ్వు బామ్మలా నవ్వుతున్నావేంటి, అని పడీపడీ నవ్వింది. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆవిడకి ఒకటే కోపం, ఈ బామ్మెవరని."

డాక్టరమ్మ నవ్వింది. పళ్ళాయన నవ్వలేదు. జేబులోంచి చీటీ తీసి వెనకవైపు తిప్పాడు. పెన్సిల్ కూడా తెచ్చుకున్నాడు. అడగాల్సినవి నోటికి వచ్చే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఎదురుగా కూర్చుని విన్నవేగా. కానీ తన గొంతులో అవి కొత్తగా, బరువుగా, ఎవరో అడుగుతున్నట్టుగా వచ్చాయి.

"మీ వయసెంతండీ?"

"డెబ్బై ఒకటి."

"ఏం పని... అది తెలుసు. నవ్వితే పళ్ళు ఎంతవరకు కనిపించేవి?"

"మొత్తం కనిపించేవి. దాచుకోవడం నాకు రాదు."

"పాత ఫోటో ఏమైనా ఉందా?"

కండక్టరు పర్సు తీశాడు. ఎప్పటిదో ఉద్యోగం కార్డు, మూలలు ఊడిపోయి ఉంది. నల్లటి మీసాల కుర్రాడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ముందు రెండు పళ్ళ మధ్య కందిగింజంత సందు.

"ఈ సందులోంచే ఈల వేసేవాణ్ణి. అందరికీ వేలు కావాలి, నాకక్కర్లేదు. రెండు వీధుల అవతల బస్సు ఆగేది. ఈ సంగతి డాక్టరమ్మకి మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు" అంది డాక్టరమ్మ. "సందు ఉండేదన్నారు. ఇప్పుడు పోతుందిలెండి అని సంతోషపడ్డాను నేను. చీటీలో రాయాలని తోచలేదు."

పళ్ళాయన దీపం వెలిగించాడు. కత్తి వెచ్చబెట్టి ఎడమ పన్ను చుట్టూ మైనం కరిగించాడు. పన్ను వదులైంది. రెండు వేళ్ళతో పట్టుకుని, కుడిదాని మీద నుంచి దించాడు. ఏడాదిగా ఆ పన్ను దిగడం అదే మొదటిసారి. మైనం చల్లారేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు. తరవాత రెండో పన్ను కదిపాడు, మధ్యలో కార్డు అంచు దూర్చి కొలిచాడు. డాక్టరమ్మ తీసుకెళ్ళి నోట్లో పెట్టింది. కండక్టరు అద్దం అడగలేదు. పెదవులు బిగించి ఊదాడు.

గాలి వచ్చింది. ఈల రాలేదు.

"మైనం కదండీ. గట్టిపడ్డాక..." అన్నాడు పళ్ళాయన.

"రాకపోతే పోనీ నాయనా." అప్పుడు అద్దం తీసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "ఈల వేసే నోరే ఇది. వీణ్ణి నేను ఎరుగుదును."

పళ్ళాయన దీపం ఆర్పాడు. చూస్తే డాక్టరమ్మ అప్పటికే చీటీ మీద "బాగుంది. పూర్తి చెయ్యండి" అని రాస్తోంది. పెద్ద ల్యాబు మాట ఎత్తలేదు. అక్కడితో ఆయన లేచి రావచ్చు. రాలేదు. కండక్టరు వెళ్ళేదాకా ఆగి, ఫోను తీసి ఫోటోలు చూపించాడు.

"ఇంకో పధ్నాలుగు ఉన్నాయమ్మా ఇలాంటివి."

డాక్టరమ్మ ఒక్కొక్కటే వేలితో జరిపింది. "అందరూ సొంత పళ్ళలా ఉన్నాయనే అన్నారు. నేను మీ పనితనమే అనుకున్నాను."

"పనితనం కాదమ్మా. మా ఆవిడ పన్ను." తెర మీద వేలు పెట్టి చూపించాడు. "కావాలని చెయ్యలేదు. తెలీలేదు."

ఆవిడ ఫోను తిరిగి ఇచ్చింది. "ఫోను చేసి పిలిపిస్తాను. మార్చి ఇస్తారా?"

ఇవ్వాలి. తప్పు కదా అది. ఎవరి నోటికి కట్టాల్సింది వాళ్ళ నోటికి కట్టాలి. ఆ మాట అనడానికే నోరు తెరిచాడు. అప్పుడే కౌంటర్ అమ్మాయి తలుపు తోసి, చిగురు నొప్పని ఒకావిడ వచ్చారని చెప్పింది.

లావుపాటి మనిషి, ముక్కు మీద పుట్టుమచ్చ, చేతిలో కూరల సంచి. ఆయన ఆవిడని ఎన్నడూ చూడలేదు. "డాక్టరమ్మా, లోపలివైపు ఇక్కడ గీరుకుంటోంది" అంటూ ఆవిడ నవ్వింది.

ముక్కు వేరు. కళ్ళు వేరు. గొంతు వేరు. ఆ మొహం మధ్యలో ఆయన భార్య నవ్వింది.

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. డాక్టరమ్మ ఆయన వంక చూసి, ఆవిడని అడిగింది. "ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి ఎక్కి ఉంది. సరిచేసి ఇప్పించమంటారా? ఈయనే చేసింది."

"అయ్యో, ఎందుకమ్మా!" ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. "ఇవి సెట్టని మా వియ్యపురాలు ఇప్పటిదాకా కనిపెట్టలేదు. ఆ వంకర వల్లే. తిన్నగా చేస్తే ఆవిడ దగ్గర నా పరువు పోతుంది. ఆ గీరుకునేది ఒక్కటి చూడండి చాలు."

"నేను చేస్తాను" అన్నాడు పళ్ళాయన.

పై సెట్టు కడిగి ఆయన చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. పంపేటప్పుడు ఎప్పుడూ చల్లగానే ఉండేవి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, లోపలివైపు డాక్టరమ్మ గుర్తుపెట్టిన చోట కొద్దిగా అరగదీశాడు. వేలితో తడిమి మళ్ళీ అరగదీశాడు. ముందువైపు ముట్టుకోలేదు. ఎంత చిన్న పనో అంత మెల్లిగా చేశాడు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

ఆవిడ పెట్టుకుని దవడ ఆడించింది. "హమ్మయ్య" అని మళ్ళీ నవ్వింది, ఈసారి ఆయన్ని చూసి.

ఆయనకి చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. "జాగ్రత్తగా వాడుకోండమ్మా" అన్నాడు. "పడుకునేటప్పుడు నీళ్ళలో వెయ్యండి."

"అలాగేనండీ" అని సంచి తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన కిటికీలోంచి చూశాడు. రోడ్డు దాటేటప్పుడు ఎవరో పలకరించారు, ఆవిడ ఆగి మాట్లాడింది. అంత దూరం నుంచి నవ్వు కనిపించలేదు.

"మిగతావాళ్ళని కూడా అడుగుతాను. కావాలన్నవాళ్ళకి మారుద్దాం" అంది డాక్టరమ్మ వెనక నుంచి. ఆయన తలూపాడు.

సోమవారం బెల్లు మోగింది. పెట్టెలో కొత్త అచ్చు, చీటీ. ముందువైపు ఎప్పటిలాగే ఉంది. తిరగేశాడు. వెనకవైపు డాక్టరమ్మ రాత, గుండ్రంగా, ఒత్తులన్నీ సరిగ్గా. "అరవై రెండేళ్ళు. పూల కొట్టు. గట్టిగా నవ్వుతారు. పాత ఫోటో జతచేశాను. ఇంకేమైనా కావాలంటే మీరే ఫోను చెయ్యండి. ఈసారి పెట్టెయ్యను."

ప్లాస్టర్ పోశాడు. మర్నాడు మైనం గట్టు కట్టి, గురువారం పంపాడు. మళ్ళీ సోమవారానికి డాక్టరమ్మ దాన్ని మనిషి నోట్లో పెట్టి, ఎత్తు సరిచూసి తిప్పి పంపింది. ఫోటో దీపానికి ఆనించి పెట్టుకుని పళ్ళు గుచ్చడానికి కూర్చున్నాడు. ఫోటోలో ఆవిడవి తిన్నని పళ్ళు, గడి నోటుబుక్కు మీద గీసినట్టు. కుడి ముందుపన్ను పెట్టాడు. ఎడమది పెట్టాడు. మైనం వెచ్చగా ఉంది. బొటనవేలు దాని మీదికి వెళ్ళింది.

వేలిని అక్కడే ఆపాడు. పంటి బిగువున, మైనం చల్లారేదాకా, నొక్కకుండా అలాగే పట్టుకున్నాడు. తీశాక చూస్తే రెండు పళ్ళూ పక్కపక్కన, సమానంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు నిలబడి ఉన్నాయి.

మిగతావి కూడా పెట్టాడు. ఫోటో తీశాడు. నవ్వు పూల కొట్టావిడదే, అనుమానం లేదు. ఎదురుగా స్టూలు మీద మొన్న మరదలు మడతపెట్టి వదిలివెళ్ళిన తుడుపుగుడ్డ ఉంది. చూసే మనిషి లేక ఆయనే చట్రాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాడు. చిగురు దగ్గర ఆగాడు. గట్టిగా నవ్వుతారని రాసింది గానీ, నవ్వినప్పుడు చిగురు కనిపిస్తుందో లేదో రాయలేదు. ఫోటోలో ఆవిడ పై పెదవి మీద వేలు ఆనించుకుని ఉంది, పళ్ళు కనిపిస్తున్నాయి గానీ చిగురు కనిపించడం లేదు.

కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చి, చీటీ వెనకవైపు తిప్పి పెట్టుకుని, ఫోను కలిపాడు.

"ఎవరు మాట్లాడేది?" అంది కౌంటర్ అమ్మాయి.

"పళ్ళాయన్ని."

"ఓ, మీరా! ఇస్తున్నానుండండి."

అవతల ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు, ఎవరో దగ్గు, కుర్చీ జరిగిన చప్పుడు. చాలామంది ఉన్నట్టున్నారు. ఆయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని అదంతా విన్నాడు. తరవాత డాక్టరమ్మ గొంతు వచ్చింది.

"చెప్పండి మేస్త్రి గారూ."

"ఒక్క మాటమ్మా" అన్నాడాయన. "ఒక్కటే."